పాల మిషన్ ఎటు తిరిగి ఉంది? ఒక సంఘపెద్ద ఇంటి కేసు

ఈ కేసు రాయడానికి ఆ ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. రాసింది చదివి రెండు చోట్ల మార్పులు చెప్పారు, మార్చాను. ఊరి పేరు లేదు. వయసులు, డబ్బు లెక్కలు, ఇంట్లో ఎంతమంది అనేది కొంచెం అటూ ఇటూ చేశాను. వృత్తి మాత్రం మార్చలేదు. అది మారిస్తే ఇక కేసే మిగలదు. చిత్తూరు చుట్టుపక్కల పాల కేంద్రం లేని ఊరు వెతికినా దొరకదు కాబట్టి దాన్నిబట్టి ఎవరూ ఎవరినీ గుర్తుపట్టలేరు.

నేను చిత్తూరు దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టర్‌ని. వేలూరులో కొంతకాలం కౌన్సెలింగ్ నేర్చుకున్నాను. పద్నాలుగేళ్లుగా కుటుంబాలతో కూర్చుని మాట్లాడుతున్నాను. ఈ కేసులో పెద్ద తప్పులు రెండు చేశాను. రెండోది మన సంఘాల్లో వారం వారం జరిగేదే. ఈ కేసు రాయాలనిపించింది ముఖ్యంగా దానికోసమే.

నేపథ్యం

చిత్తూరు ప్రాంతపు క్రైస్తవం అంతా ఒక తీరుగా ఉండదు. 1853లో మొదలైన ఆర్కాటు మిషన్ (అమెరికన్ మిషనరీలది) పెంచిన సంఘాలు, తర్వాత 1947లో ఏర్పడిన సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) చేరాయి. తిరుపతి వైపు పోతే లూథరన్ సంఘాలు. ఈ పాత సంఘాల్లో ఆడవాళ్లు గాజులు, కమ్మలు, తాళి వేసుకునే ఆరాధనకు వస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. వాటి తర్వాత వచ్చిన సహవాసాల్లో, పెంతెకొస్తు సంఘాల్లో చాలాచోట్ల తెల్లబట్టలు కట్టడం, బాప్తిస్మంతో నగలు తీసేయడం ఆనవాయితీ. మాది ఈ రెండో రకం. ఆ పద్ధతిని నేనేమీ తక్కువ చేయడం లేదు. చాపమీద పక్కపక్కన కూర్చున్న కూలిమనిషికీ టీచరమ్మకీ తేడా కనపడకుండా చేసింది ఆ తెల్లచీరే. మా ఆవిడ పెళ్లినాడు కట్టింది కూడా అదే.

ఈ కేసులో తండ్రి మా సంఘపెద్దల్లో ఒకరు. యాభై దాటాయి. ఇరవై ఏళ్ల కిందట తాగుడు మాని, బాప్తిస్మం తీసుకుని, ఊళ్లో తలెత్తుకు తిరిగిన మనిషి. ఆదివారం అందరికన్నా ముందొచ్చి చాపలు పరిచేది ఆయనే. శుక్రవారం ఉపవాసం. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు సంఘానికివ్వడం, ఒక్క నెల కూడా తప్పలేదు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మీద చిన్న మరక కూడా నేనెప్పుడూ చూడలేదు. పాల కేంద్రం నడిపే మనిషికి అది మామూలు విషయం కాదు.

ఆ పని ఎలా సాగుతుందో తెలియనివాళ్లకు చెప్పాలి. తెల్లవారి ఐదున్నరకు ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊళ్లోవాళ్లు పాలు తెచ్చి పోస్తారు. ప్రతి ఇంటి పాలనుంచీ కొంచెం తీసి మిషన్‌లో పెడతారు. ఫ్యాట్ (వెన్న) ఎంత, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) ఎంత అని అంకెలు వస్తాయి. చార్టులో ఆ అంకెలు చూసి లీటరుకు రేటు కడతారు. పాస్‌బుక్‌లో రాస్తారు. పదిహేను రోజులకొకసారి బిల్లు. అంటే మొత్తం వ్యవహారం మిషన్‌లో కనపడే అంకె మీద నడుస్తుంది. ఆ అంకెను చదివేది ఒక్క మనిషి.

తెచ్చిన సమస్య

తల్లిదండ్రులు తీసుకొచ్చింది కూతురిని. పందొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. ఇంట్లోలాగే నేనూ పాప అనే రాస్తాను. "పిల్ల పూర్తిగా లోకంలో పడిపోయింది పాస్టర్ గారూ" అన్నాడు తండ్రి. చెప్పిన గుర్తులు ఇవి: చెవులకు చిన్న కమ్మలు పెట్టింది. ఆదివారం రంగు చుడీదార్ వేసుకొస్తోంది, అదీ నెలకు ఒకసారి. ప్రార్థనకు లేపితే లేవదు. ఎనిమిది నెలలుగా ప్రభువు బల్లలో, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే దాంట్లో, చేయి వేయడం లేదు.

చివరిది నేను నోట్సులో రాసుకున్నాను కానీ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ పేజీ చూస్తే సిగ్గేస్తుంది. లోకం మీద మోజు ఉన్న పిల్ల బల్ల ఎందుకు మానేస్తుంది? రొట్టె తీసుకుంటే ఇంట్లో గొడవ ఉండదు, అడిగేవాళ్లుండరు. మానేసిందంటే ఆ బల్లంటే ఆమెకు ఇంకా భయం ఉందన్నమాట. కమ్మలు చూసి బల్ల సంగతి వదిలేశాను. తండ్రి చొక్కా తెల్లగా ఉంది, కూతురి చెవులకు కమ్మలున్నాయి. కేసు ఎవరిదో నేను అక్కడే తేల్చేసుకున్నాను.

మొదటి తప్పు

మొదటి మూడు వారాలు పాపతో పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం చదివాను. జడలు, బంగారు నగలు, వస్త్రాలు అనే వెలుపటి అలంకారం కాక, సాధువైన, మృదువైన గుణమే అలంకారంగా ఉండాలన్న మాట. వినింది. మూడోవారం ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "ఇందులో బట్టలు వేసుకోవడం గూడా రాసిండాది కదా అంకుల్. అంటే బట్టలు గూడా మానేయాల్నా?"

తల్లి గట్టిగా కసురుకుంది. నేను నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న సరైనదే. పేతురు ఆ వరుసలో నగలతోపాటు బట్టలనూ చేర్చాడు. నగలు నిషేధం అని చదివితే బట్టలూ నిషేధమే కావాలి. అక్కడ ఆయన పట్టీ రాయడం లేదు, రెండిట్లో ఏది బరువైనదో తూచి చెప్తున్నాడు. ఆమె నన్ను ఎగతాళి చేయడానికి అడగలేదు, ఏదో చెప్పబోయి ఆ మాటతో ఆగింది. నాకది అప్పుడు వినపడలేదు.

తర్వాత రెండు వారాలు రాజీ నడిపాను. ఆదివారం కమ్మలు తీసేస్తే కాలేజీకి ఏం వేసుకున్నా ఇంట్లో అడగకూడదు అని. ఇద్దరూ ఒప్పుకున్నారు, పది రోజుల్లో చెడింది. కుటుంబాల్లో ఇలాంటి ఒప్పందం చెడిందంటే గొడవ అసలు దానిగురించి కాదని చాలాసార్లు చూశాను. అందుకే ఆరోవారం తల్లిని వరండాలో కూర్చోమని, పాపను ఒక్కదాన్నే పిలిచాను. తలుపు తెరిచే ఉంచాను, తల్లికి మేము కనపడతాం, మాటలు వినపడవు. బట్టలు, ప్రార్థన, బల్ల ఏదీ ఎత్తలేదు. పొద్దున ఎన్నింటికి లేస్తావు అని అడిగాను.

"నాలుగున్నరకి."

"అంత పొద్దున ఏం చేస్తావు?"

"పాలు రాస్తా. నాయన చెప్తే నేను బుక్కులో ఎక్కిస్తా." కాసేపు ఆగి, "మిషన్ చెప్పేది కాదు. నాయన చెప్పేది" అంది.

పెన్సిల్ చుక్కలు

సంగతి ఇది. మిషన్ ఫ్యాట్ నాలుగు ఒకటి (4.1) చూపిస్తే తండ్రి మూడు ఎనిమిది (3.8) అని పిలుస్తాడు. అందరి పాలకూ కాదు. పాలు పోసేది నలభై మూడు ఇళ్లు. అందులో పదిహేడు ఇళ్లకే. అవి అడగలేనివాళ్ల ఇళ్లు: అంకెలు చదవలేని ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, దాణాకు ఆయన దగ్గరే అప్పున్నవాళ్లు.

ఫ్యాట్ ఒక పాయింటు, అంటే 0.1, తగ్గితే అప్పటి చార్టు ప్రకారం లీటరుకు ముప్పై పైసలు పోతుంది. మూడు పాయింట్లంటే తొంభై పైసలు. రోజుకు ఎనిమిది లీటర్లు పోసే ఒక విధవరాలికి రోజుకు 7 రూపాయల 20 పైసలు, పదిహేను రోజుల బిల్లులో 108 రూపాయలు. ఎవరూ గమనించలేనంత చిన్నది. పైగా అడిగితే చెప్పడానికి నిజమైన కారణాలే ఉంటాయి. పచ్చిమేత మరీ ఎక్కువైతే ఫ్యాట్ తగ్గుతుంది. చివర పిండే పాలలో వెన్న ఎక్కువ, అవి దూడకు వదిలేస్తే తక్కువ వస్తుంది. శాంపిల్ సరిగా కలపకపోతే అంకె మారుతుంది. ఇవన్నీ నిజాలే. అబద్ధానికి నిజాలను కాపలా పెట్టినట్టు.

పాప చేసిన పని ఒకటుంది. తగ్గించి రాసిన ప్రతిసారీ బుక్కు అంచున పెన్సిల్‌తో చుక్కలు పెట్టింది. ఒక పాయింటుకు ఒక చుక్క. తండ్రికి తెలియదు. ఎప్పటినుంచి పెడుతున్నావు అని అడిగితే నెల చెప్పింది. ప్రభువు బల్ల మానేసిన నెల అదే.

ఇక్కడ నా ముందు రెండు దారులున్నాయి. నేరుగా తండ్రిని అడగొచ్చు. అడిగితే, ఎవరు చెప్పారో ఆయనకు అర నిమిషంలో తెలిసిపోతుంది. ఆ పిల్ల తిరిగి వెళ్లాల్సింది ఆ ఇంటికే. ఆమె నాతో చెప్పింది ఆమె అనుమతి లేకుండా వాడుకునే హక్కు నాకు లేదు. అడిగాను. "నా పేరు రాకుండా అయితే ఏమైనా చేసుకోండి" అంది. కాబట్టి ఆమె చెప్పనట్టే, నాకు తెలియనట్టే మొదలుపెట్టాలి.

ముందు ఒక పిచ్చి ప్రయత్నం చేశాను. తప్పు చేసిన దావీదు రాజు దగ్గరికి నాతాను ప్రవక్త పోయి, బీదవాడి ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పిన పద్ధతి. సంఘపెద్దల కూటంలో సామెతలు 11వ అధ్యాయం మొదటి వచనం మీద మాట్లాడాను: "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము." ఆయన ముందువరసలో కూర్చుని ఆమేన్ అన్నాడు. అయిపోయాక నా చేయి పట్టుకుని, "సంతలో కూరగాయల వాళ్లకు ఈ వాక్యం చెప్పాల పాస్టర్ గారూ" అన్నాడు. నటించడం లేదు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

తెలుగు బైబిల్లో వేషధారి అన్న మాటకు గ్రీకు మూలంలో ఉన్న పదం నాటకంలో పాత్ర కట్టేవాడిది. ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు తిరుపతి గంగజాతర గుర్తొస్తుంది. బైరాగి వేషం, దొర వేషం వేసినవాడు అది వేషమని అందరికీ తెలిసేలాగే వేస్తాడు, ఆ రోజు అయిపోగానే కడిగేసుకుంటాడు. ఎవరినీ మోసం చేయడు. ఈయన సంగతి వేరు. వేసుకున్నది వేషమని ఈయనకే తెలియదు. శుక్రవారం ఉపవాసం ఎంత నిజమో, మూడు ఎనిమిది కూడా అంతే నిజంగా పలుకుతున్నాడు. అలాంటి మనిషిని కథతో పట్టుకోలేం.

కేంద్రం దగ్గర

తొమ్మిదేళ్లుగా ఆయనను ఆరాధనలో చూస్తున్నాను, పనిలో ఒక్కసారీ చూడలేదు. అదే మాట ఆయనతో అన్నాను. నిజమే కాబట్టి అనుమానం రాలేదు. "రండి పాస్టర్ గారూ, టీ తాగిపోదురు" అన్నాడు.

మూడు రోజులు పోయాను. లోపల కుర్చీ వేశాడు. కూర్చోలేదు. పాలు పోసేవాళ్లు నిలబడే వైపు, గట్టు కింద నిలబడ్డాను. అక్కడినుంచి చూస్తే మిషన్ వెనకభాగం, దాని వైరు కనపడతాయి. అంకెలు కనపడేది లోపల కూర్చున్న మనిషికి మాత్రమే. ఒక అవ్వ స్టీలు క్యాన్ తెచ్చింది. ఆయన శాంపిల్ తీసి పెట్టాడు. మిషన్ కూత పెట్టింది. ఆయన కళ్లు అంకె మీదికి పోయాయి, "మూడు ఏడు" అన్నాడు. పాప పెన్ను ఒక్క క్షణం ఆగి, తర్వాత రాసింది. అవ్వ క్యాన్ బోర్లించి, చివరి చుక్కలు కూడా కారేదాకా పట్టుకుని, కొంగుతో మూత తుడుచుకుని వెళ్లిపోయింది. అంకె ఎంతని అడగలేదు. చివరి చుక్క దాకా పోసిందామె.

మూడో రోజు అందరూ వెళ్లాక, పాప కాలేజీకి బయల్దేరాక అడిగాను. "ఈ మిషన్ అటు తిప్పి పెడితే ఏమవుతుంది పెద్దాయనా?"

వైరు పొట్టి అన్నాడు. ఎండ పడుతుంది అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. బిందెలో నీళ్లు తీసుకుని గట్టు కడగడం మొదలుపెట్టాడు. కడిగిందే మళ్లీ కడిగాడు. నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. అలాంటప్పుడు మాట్లాడకుండా ఉండడమే నా పని, అన్నిటికన్నా కష్టమైన పని కూడా అదే. పది నిమిషాలకు ఆయనే గట్టుమీద కూర్చుని చెప్పాడు.

మొదలైంది దొంగతనంగా కాదు. ఊళ్ల పాలు చేర్చి చల్లబరిచే చిల్లింగ్ సెంటర్లో క్యాన్లన్నీ కలిపి చూసినప్పుడు ఫ్యాట్ ఈయన లెక్కకన్నా తక్కువ వచ్చేది, ఆ తేడా ఈయన కమీషన్‌లో కోసేవాళ్లు. దానికి రక్షణగా ఒక పాయింటు తగ్గించి రాయడం మొదలైంది. పాప కాలేజీ ఫీజు నెలలో రెండయింది. ఆ తర్వాత మూడు. "మూడు దాటలేదు పాస్టర్ గారూ, ప్రమాణంగా" అన్నాడు. అదేదో హద్దు పాటించినట్టు. ఆ డబ్బులోనుంచి కూడా దశమభాగం తీసి ఇచ్చాడు. ఆ కవర్లు అందుకున్నది నేనే.

రెండో తప్పు

ఏడ్చాడు. అన్నీ ఒప్పుకున్నాడు. ఆదివారం సంఘం ముందు సాక్ష్యం చెప్తానన్నాడు. నేను సరే అన్నాను. నిజానికి సంతోషించాను. పాపం ఒప్పుకోవడమంటే ఇంతకన్నా ఏముంది అనుకున్నాను.

ఆ ఆదివారం తెల్లచొక్కా వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. "నేను ఘోరపాపిని. నా వ్యాపారంలో ప్రభువును దుఃఖపెట్టినాను" అని మోకరించాడు. సంఘమంతా ఏడ్చింది. అయిపోయాక మగవాళ్లు వరసకట్టి కౌగిలించుకున్నారు. "ఇంత తగ్గింపు ఎవరికుంది బ్రదర్" అన్నారు. మరుసటి వారం ఆయన సంఘానికి కొత్త సౌండ్ బాక్సులు కొనిస్తానన్నాడు, ఇరవై వేలు దాటే సొత్తు. ఆయన పేరు ముందుకన్నా పెరిగింది. పాప ఆ రోజు వెనక వరసలో కూర్చుంది. మధ్యలోనే లేచి వెళ్లిపోయింది.

వేలూరులో నాకు నేర్పిన పెద్దాయనకు ఫోన్ చేసి సంతోషంగా చెప్పాను. అంతా విని ఒకటే అడిగాడు: "ఆ పదిహేడు ఇళ్లలో మీ సంఘంవాళ్లు ఎంతమంది?"

ఇద్దరు. మిగతా పదిహేను ఇళ్లు హిందువులవి. వాళ్లకు ఆదివారం ఏం జరిగిందో తెలియదు. సోమవారం పొద్దున క్యాన్ తీసుకుని వచ్చి, అదే గట్టు కింద, అదే మిషన్ వెనక నిలబడ్డారు. ఆ వారం ఆయన తగ్గించి రాయలేదు, అది నిజం. కానీ నష్టపోయినవాళ్ల ముందు ఒక్క మాట లేదు, ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. ఏ లెక్కా చెప్పకుండా, ఎవరి పేరూ ఎత్తకుండా ఏడ్చిన ఏడుపుకు ఆయనకు దొరికింది గౌరవం. సాక్ష్యం ఇంకో తెల్లచొక్కా అయింది, దాన్ని ఇస్త్రీ చేసి తొడిగింది నేను.

పైరూపం మీద ప్రసంగం చేసినప్పుడల్లా సమూయేలు మొదటి గ్రంథం 16వ అధ్యాయం తీస్తాం. "మనుష్యులు పైరూపమును లక్ష్యపెట్టుదురు గాని యెహోవా హృదయమును లక్ష్యపెట్టును." ఆ మాట ఎవరితో అన్నాడో ఆ రాత్రి మళ్లీ చదివాను. కొత్త రాజును అభిషేకించడానికి పోయి, దావీదు అన్న ఏలీయాబు ఎత్తూ రూపమూ చూసి వీడే రాజు అనుకున్నది సమూయేలు. ఆ మాట ప్రవక్తను ఉద్దేశించి అన్నది. ఇన్నేళ్లూ దాన్ని నేను చాపమీద కూర్చున్నవాళ్లకు చెప్తూ వచ్చాను.

పదిహేడు ఇళ్లు

సౌండ్ బాక్సులు వద్దన్నాను. బాధపడ్డాడు. లేవీయకాండం ఆరో అధ్యాయం తీసి ఇద్దరం చదివాం. పొరుగువాడి సొత్తు విషయంలో మోసం చేసినవాడు మూలధనం ఇచ్చి, దానికి ఐదో వంతు కలపాలి. ఎవరిదో వాళ్లకే ఇవ్వాలి. ఆ తర్వాతే బలి. వరస అది. సువార్తలో సుంకం వసూలుచేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు కదా, నేనూ అట్లే ఇస్తానన్నాడు ఆయన. అదీ వద్దన్నాను. నాలుగంతలంటే ఇల్లు అమ్మాలి, ఊరంతా చెప్పుకుంటుంది, అది మళ్లీ ఒక సాక్ష్యం అవుతుంది. ఐదో వంతు అయితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, లెక్క మాత్రం తేలుతుంది. ఈ నిర్ణయం మీద నాతో ఏకీభవించని పాస్టర్లు ఉన్నారు. ఆ మనిషికి ఆ రోజు అదే సరి అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను.

లెక్క ఎలా కట్టాలన్నది అడ్డంకి అయింది. తగ్గించి రాసిన బుక్కులే ఉన్నాయి, అసలు అంకెలు లేవు. అప్పుడు పాప తానే బుక్కులు తెచ్చి తండ్రి ముందు పెట్టింది. నేను చెప్పలేదు. "చుక్కలు చూడు నాయనా" అంది. ఆయన అద్దాలు పెట్టుకుని మొదటి పేజీ చూశాడు, రెండో పేజీ చూశాడు. తర్వాత బుక్కు మూసి చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడట. ఈ సంగతి తల్లి చెప్పింది.

ఎనిమిది నెలల చుక్కలకు 21,640 రూపాయలు వచ్చింది. అంతకుముందు పద్నాలుగు నెలలకు గుర్తున్నంతలో, సందేహం ఉన్నచోట ఎక్కువే వేసి, 28,000 అనుకున్నారు. మొత్తం 49,640. ఐదో వంతు 9,928. కలిపి 59,568.

అంత డబ్బు చేతిలో లేదు. అప్పుడు తల్లి బీరువా తెరిచింది. బాప్తిస్మం నాడు తీసేసిన నాలుగు గాజులు, ఒక గొలుసు ఇరవై ఏళ్లుగా అందులోనే, పసుపు గుడ్డలో మూటగట్టి ఉన్నాయి. ఒంటిమీద లేవు గానీ ఇంట్లోంచి పోలేదు. రెండు గాజులు అమ్మారు. ముందు బాగా పేదవాళ్ల ఇళ్లకు ఒకేసారి ఇచ్చారు, మిగతావాళ్లకు పది నెలలపాటు బిల్లుతో కలిపి. అన్ని వారాలు మాట్లాడినా ఆ తల్లిని నేను ఒంటరిగా ఒక్కసారీ కూర్చోబెట్టలేదు. ఆమెకు ముందే తెలుసేమో అడగలేదు కూడా. ఇది రాసేటప్పుడు తట్టింది.

ఒక్కో ఇంటికీ తానే పోయి, బుక్కు చూపించి, ఎంత తగ్గించాడో చెప్పి ఇవ్వాలని ఒప్పందం. ఆయనకు అన్నిటికన్నా భయం ఇదే. "క్రైస్తవుల పరువు పోతుంది పాస్టర్ గారూ. ప్రభువు నామానికి అవమానం" అన్నాడు. నిజమైన భయమే, కొట్టిపారేయలేదు. అవమానం వాళ్ల పాలు తగ్గించిన రోజే జరిగిపోయింది, ఇప్పుడు మిగిలింది వాళ్లకు తెలియడమే అన్నాను. రెండు రాత్రులు ఆలోచించుకుని ఒప్పుకున్నాడు.

మొదటి సాయంత్రం కేంద్రం మూసి, లుంగీతో, పాల మరకల చొక్కాతో అలాగే బయల్దేరాడు. తెల్లచొక్కా వద్దని నేను చెప్పలేదు.

ఒక్కొక్కరూ ఒక్కో రకంగా తీసుకున్నారు. ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టి, మరుసటి రోజునుంచి పక్కూరి కేంద్రానికి పోస్తున్నాడు. ఇంకో ఇంట్లో డబ్బు లెక్కపెట్టుకుని, "మరి వడ్డీ?" అని అడిగారు. ఐదో వంతు సంగతి చెప్పాడు. ఒక అవ్వ మాత్రం నోట్లు కొంగున ముడివేసుకుంటూ, "నాకు తెలుసులే అబ్బోడా. పక్కూరిదాకా నడవలేక నీకే పోస్తా ఉండా" అంది. ఆ రాత్రి ఆయన నాకు ఫోన్ చేశాడు. మైకు ముందు ఏడ్చినట్టు ఏడవలేదు. ఆ మాట ఒక్కటే చెప్పి పెట్టేశాడు.

సంఘపెద్దల్లో కొందరు విషయం ఇంతటితో వదిలేద్దామన్నారు, సాక్ష్యం చెప్పేశాడు కదా అని. ఆయనే ఒక సంవత్సరం పెద్దరికం నుంచి తప్పుకున్నాడు. కారణం పెద్దల కూటం దాటి పోలేదు. మళ్లీ మైకు ఎక్కనివ్వలేదు. దశమభాగం కవర్లలో ఆ డబ్బు ఎంతో లెక్కగట్టి, సంఘం తరఫున వెనక్కి ఇచ్చాం. అది కూడా ఆ 59,568లోకే పోయింది. చిల్లింగ్ సెంటర్ తేడా గురించి డెయిరీ సూపర్‌వైజర్‌తో మాట్లాడాడు, మిషన్ సరిచేశారు, తేడా కొంత తగ్గింది, మొత్తం పోలేదు. ఆ టెన్షన్ ఆయనకు ఇప్పటికీ ఉంది.

పనిచేసింది ఏమిటి

ఇందులో నా మాటల వల్ల జరిగింది చాలా తక్కువ. మిషన్ తిప్పడం పనిచేసింది. వైరు పొడుగుది కొనడానికి నూటయాభై అయింది. ఆ అంకె ఎదుటివాళ్లకు కనపడేటప్పుడు ఆయన మంచివాడిగా ఉండడానికి రోజూ కొత్తగా తీర్మానం చేసుకోనక్కర్లేదు. హృదయం మారితే చేతులు మారతాయని ప్రసంగాల్లో చెప్తాను. ఇక్కడ ముందు చేయి మారింది, హృదయం దాని వెనక నెమ్మదిగా వచ్చినట్టుంది, వచ్చిందో లేదో నేను తూచలేను.

అప్పటినుంచి నా పద్ధతి కొంచెం మారింది. ఎవరినైనా పెద్దరికానికి పెట్టేముందు వాళ్లు పనిచేసే చోటికి పోతున్నాను, గట్టుకు ఎదుటివైపు నిలబడుతున్నాను. ఎవరైనా సాక్ష్యం చెప్తానంటే, నష్టపోయినవాళ్లు ఈ గదిలో ఉన్నారా అని ముందు అడుగుతున్నాను. లేకపోతే ముందు వాళ్ల దగ్గరికి పొమ్మంటున్నాను. ఇంట్లో ఒకరిని సమస్య అని చూపిస్తే, ఆ మనిషి ఏమి మానేశాడు అన్నది ఏమి వేసుకున్నాడు అన్నదానికన్నా ముందు రాసుకుంటున్నాను.

పాప ఇప్పుడు నెలకు రెండుసార్లు వస్తోంది. కమ్మలు ఉన్నాయి. బల్లలో ఇంకా చేయి వేయలేదు, నేను అడగలేదు. కిందటి క్రిస్మస్‌కు ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, ఆ కమ్మల సంగతి ఏమైనా చెప్పండి అన్నాడు. చూద్దాం అన్నాను.

ఈ మధ్య ఒక పొద్దున ఆ ఊరి మీదుగా పోతూ కేంద్రం దగ్గర ఆగాను. మిషన్ బయటికి తిరిగి ఉంది, పైన ఎండ పడకుండా అట్టముక్క కట్టారు. పాప రాయడం మానేసింది, బుక్కు తండ్రే రాసుకుంటున్నాడు. ఆమె కాలేజీ బ్యాగు తగిలించుకుని మెట్లమీద చెప్పులు వేసుకుంటోంది. అవ్వ క్యాన్ పోసి, అంకెల వైపు చూసి, కళ్లు చికిలించి, "ఎంత పడిందే పాపా?" అని అడిగింది.

పాప వంగి చూసింది. "నాలుగు ఒకటి, అవ్వా."

తండ్రి రాసుకున్నాడు.